నులక మంచాలు, గంధకం, నీళ్లు: గోడ లోపలి ఢిల్లీ, 1857

1857 జూన్ 8న బాద్‌లీ కీ సరాయి దగ్గర సిపాయిల వరసను చీల్చుకుని వచ్చిన ఇంగ్లీషు సేన, ఢిల్లీకి ఉత్తరాన ఉన్న రాతిగుట్ట ఎక్కి కూర్చుంది. ఆ గుట్టను ఢిల్లీవాళ్లు ఇప్పటికీ రిడ్జ్ అనే అంటారు. సెప్టెంబర్ నడిమి దాకా ఆ సేన గుట్ట దిగలేదు. ఊళ్లోని సిపాయిలు ఎన్నిసార్లు మీదపడినా దాన్ని దించలేకపోయారు. చరిత్ర పుస్తకాల్లో దీని పేరు ఢిల్లీ ముట్టడి. అయితే ఊరి చుట్టూ ఏడు మైళ్ల ప్రాకారం ఉంటే, ఇంగ్లీషువాళ్ల ఫిరంగులకు ఎదురుగా ఉన్నది ఉత్తరపు వైపు మాత్రమే. కాశ్మీరీ దర్వాజా, మోరీ దర్వాజా, కాబూలీ దర్వాజా, అంతే. దక్షిణాన అజ్మేరీ, తుర్క్‌మాన్, ఢిల్లీ దర్వాజాలు తెరిచే ఉన్నాయి. తూర్పున యమున మీద పడవల వంతెన కూడా చెక్కుచెదరలేదు. జులై మొదట్లో సిపాయిల నాయకుడు బఖ్త్ ఖాన్ బరేలీ పటాలాలను, అక్కడి ఖజానాను వెంటబెట్టుకుని ఊళ్లోకి వచ్చింది ఆ వంతెన మీదుగానే.

మరి ఇన్ని తలుపులు తెరిచి ఉన్న ఊరు మూడు నెలలు తిరిగేసరికి తిండికీ నీళ్లకూ ఎందుకు అల్లాడింది?

ఢిల్లీలో ఏళ్ల తరబడి బడిపిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని. సిలబస్‌లో ఈ ముట్టడి ఒక పేరా. మీరట్ సిపాయిలు వచ్చారు, బహదూర్ షా జఫర్‌ను పాదుషా అన్నారు, ఇంగ్లీషువాళ్లు కాశ్మీరీ దర్వాజా పేల్చి ఊరు పట్టుకున్నారు. పిల్లలు అది బట్టీ పట్టి మార్కులు తెచ్చుకునేవారు. నాకు మాత్రం ఒక ప్రశ్న విడిచిపెట్టేది కాదు. సుమారు లక్షన్నర జనం ఉన్న ఊరు. మీరట్ సిపాయిలు వచ్చిన మే 11 నుంచి రోజుకో పటాలం వచ్చి పడుతోంది. వాళ్లందరికీ రొట్టెలు ఎవరు కాల్చారు? నీళ్లు ఎవరు మోశారు? గాయపడ్డవాణ్ణి దేనిమీద పడుకోబెట్టారు? ఇల్లు నడిపిన మనిషికి ముందు తట్టే ప్రశ్నలు ఇవే. వీటికి జవాబులు ఉన్నాయి, అవి ఢిల్లీలోనే జన్‌పథ్ మీద నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఊరు పడిపోయాక ఇంగ్లీషువాళ్లు కోటలోనూ, సేనల మకాముల్లోనూ, ఊరి పోలీసు కచేరీ అయిన కొత్వాలీలోనూ దొరికిన కాగితాలన్నీ పోగేశారు. పాదుషా మీద నేరం రుజువు చేయడానికి. 1858 జనవరి 27న ఎర్రకోట దీవానే ఖాస్‌లో మొదలైన విచారణలో అక్కరకొచ్చినవి వాడుకున్నారు, మిగతావి కట్టలు కట్టి పక్కన పెట్టారు. ఉర్దూ, ఫారసీ కాగితాలు దాదాపు 20 వేలు. చాలా భాగం శికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉంటుంది. చుక్కలుండవు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, చదవడం అందరి వల్లా కాదు. 1921లో వాటి పట్టిక అచ్చయింది. ఆ తరవాత చాలా ఏళ్లు వాటి జోలికి వెళ్లినవాళ్లు తక్కువే. విలియం డాల్రింపుల్ పుస్తకం 2006లో, మహమూద్ ఫారూఖీ ఉర్దూ, ఫారసీల నుంచి అనువదించి వేసిన సంపుటం 2010లో వచ్చాక అవి మళ్లీ నలుగురి నోట పడ్డాయి.

ఆ కాగితాల్లో వీరగాథలు వెతికితే నిరాశే. ఎక్కువ భాగం కొత్వాల్ నుంచి ఠాణేదార్లకు తాకీదులు, ఠాణేదార్ల నుంచి కొత్వాల్‌కు జవాబులు, కింద జనం పెట్టుకున్న అర్జీలు. ఫలానా మోర్చా (ఫిరంగులు నిలిపిన చోటు) దగ్గరికి ఇంతమంది కూలీల్ని పంపు. ఇన్ని గునపాలు, ఇన్ని పారలు, ఇన్ని బుట్టలు పంపు. వడ్రంగుల్ని పంపు. నీళ్లు మోసే భిశ్తీల్ని పంపు. సిపాయిలకు గాయాలయ్యాయి, మంచాలు పంపు.

ఈ మంచాల దగ్గర కాసేపు ఆగాలి. ఊళ్లో ఇంతమంది క్షతగాత్రుల్ని పెట్టే ఆసుపత్రి లేదు. గుట్ట మీదికి పోయిన ప్రతి దాడి తరవాతా మనుషుల్ని మోసుకొస్తున్నారు. వాళ్లను పడుకోబెట్టడానికి ఇళ్లల్లోని నులక మంచాలే దిక్కు. ఠాణేదారు మనుషులు వీధి వీధికీ వెళ్లి ఇంటికిన్ని అని పట్టుకుపోవాలి. ఒక సామాన్యుడి కొంపలో మంచాలు ఎన్నుంటాయి? ముసలివాళ్లకొకటి, బాలింత ఉంటే ఆవిడకొకటి. ఆ మంచం వాకిట్లోంచి వెళ్లిపోతుంటే ఆ ఇంటివాళ్ల ముఖం ఎలా ఉండేదో ఏ కాగితమూ రాయలేదు. ముట్టడి అంటే నాకు కళ్లకు కట్టేది ముందుగా అదే. గోడకు పడ్డ ఫిరంగి గుండు దెబ్బలు ఆ తరవాత.

కూలీల సంగతి ఇంకా చేదు. మోర్చాల దగ్గర మట్టి తవ్వే మనిషి మీద గుట్ట పైనుంచి గుండ్లు పడతాయి. కూలి మాత్రం చేతికి రాదు. నాలుగు రోజులు అలా వెట్టి చేశాక కూలీలు కనబడకుండా పోయారు. కూలీలు దొరకడం లేదని ఠాణేదార్లు రాసుకుంటారు, ఎలాగైనా పట్టుకురమ్మని పైనుంచి మళ్లీ తాకీదు వస్తుంది. పల్లకీలు మోసే బోయీలకూ అదే గతి, బండ్లు తోలేవాళ్లకూ అదే. దుకాణదారులు అరువు పెట్టలేక కొట్లు కట్టేశారు. కొట్లు తెరిపించమని దండోరా వేయించారు. తెరిస్తే సిపాయి వచ్చి డబ్బులివ్వకుండా సరుకు పట్టుకుపోతాడు, తెరవకపోతే తాళం బద్దలు కొడతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సిపాయిల్ని మాత్రం తప్పు పట్టి ఊరుకోవడం న్యాయం కాదు. కంపెనీ కొలువు వదులుకుని, జీతం రాళ్లు పోగొట్టుకుని, ఓడితే ఉరి అని తెలిసే వాళ్లు ఇక్కడికి వచ్చారు. వాళ్లకు ఇవ్వడానికి పాదుషా దగ్గర ఏముంది? అప్పటిదాకా ఆయనే కంపెనీ ఇచ్చే నెలకు లక్ష రూపాయల పింఛను మీద బతుకుతున్నాడు. తిరుగుబాటు మొదలవగానే ఆ పింఛనూ పోయింది. చుట్టుపక్కల పల్లెల్లో శిస్తు వసూలు చేసే యంత్రాంగం కుప్పకూలింది. బాటల మీద గుజ్జర్ల దోపిడీలతో ధాన్యం బండ్లు దర్వాజాలు తెరిచి ఉన్నా రావడం మానేశాయి. ఊళ్లో మిగిలింది షావుకార్లు. వాళ్లను పిలిచి అప్పడిగారు, బతిమాలారు, బెదిరించారు, నిర్బంధించారు. ఇచ్చినవాళ్లు కొంత ఇచ్చారు, చాలామంది తప్పించుకున్నారు. ఎనభై దాటిన ముసలి పాదుషా తన ఇంటి వెండి సామాను అమ్ముకోమన్నాడు, ఒకసారి అన్నీ వదిలి మక్కా వెళ్లిపోతానన్నాడు.

దర్వాజాలు తెరిచి ఉండీ ఊరు ఎండిపోవడానికి కారణం ఇదే. తలుపు తెరిచి ఉంటే చాలదు. తలుపు దాకా బండి రావడానికి దారికి కాపలా ఉండాలి, దిగిన సరుకుకు డబ్బు ఇచ్చేవాడుండాలి. ఢిల్లీకి ఈ రెండూ లేవు. గుట్ట మీద కూర్చున్న ఇంగ్లీషువాళ్లకు రెండూ ఉన్నాయి. కర్నాల్ మీదుగా పంజాబ్ దాకా పోయే రహదారిని పటియాలా, జీంద్, నాభా రాజులు కాచిపెట్టారు. ఆ దారినే ధాన్యం, మందుగుండు, డబ్బు, కొత్త పటాలాలు వస్తూనే ఉన్నాయి. గుట్ట మీద వాళ్లకు కలరా ఉంది, ఎండదెబ్బ ఉంది. సర్వసేనాధిపతి ఆన్సన్ ఢిల్లీ చేరకుండానే మే 27న కర్నాల్‌లో కలరాతో పోయాడు. అతని తరవాత వచ్చిన బర్నార్డ్ జులై 5న అదే రోగంతో పోయాడు. అయినా నిలబడ్డారు. వాళ్లకు అన్నం పెట్టిన, నీళ్లు మోసిన, గుర్రాల్ని తోమిన నౌకర్లంతా ఈ దేశపువాళ్లే. ఆఖరి దాడిలో పాల్గొన్న సైనికుల్లోనూ సగానికి పైగా గూర్ఖాలు, సిక్కులు, పంజాబీ ముసల్మానులు, పఠాన్లే. ఇది చెప్పినప్పుడు క్లాసులో పిల్లలు ముఖముఖాలు చూసుకునేవారు. చెప్పకుండా దాటేయడం నాకు చేతకాలేదు.

ఇక మందుగుండు. మే 11 మధ్యాహ్నం లెఫ్టినెంట్ విలోబీ, అతనితో ఉన్న కొద్దిమంది ఊళ్లోని ఆయుధాగారాన్ని పేల్చేశారు. దాని శిథిలం కాశ్మీరీ గేట్ దగ్గర రోడ్డు మధ్యన ఇప్పటికీ ఉంది, బస్సులు దానికి అటూ ఇటూ పోతుంటాయి. ఫిరంగులు సిపాయిలకు చాలానే దక్కాయి. వాటిలో పోసే మందే రానురాను కరువైంది. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి ఊళ్లోనే తయారు చేయాల్సి వచ్చింది. గంధకం ఉన్న వర్తకుల కోసం వెతుకులాట మొదలైంది. ఆగస్టు 7న ఊరి నడిబొడ్డున ఉన్న మందుగుండు కార్ఖానా పేలిపోయింది. లోపల పనిచేస్తున్న కూలీలు చాలామంది చచ్చిపోయారు. ఇది ద్రోహమేనని సిపాయిలు పాదుషా వైద్యుడు హకీం అహసానుల్లా ఖాన్ ఇంటి మీద పడి దోచుకున్నారు. పాదుషా అతన్ని దాచి కాపాడాడు. అసలే మందు చాలని ఊరికి గోరుచుట్టు మీద రోకటిపోటు.

నీళ్ల సంగతి పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకు మించి కనబడదు, నాకు అది కొరత. చాందినీ చౌక్ నడుమ అప్పట్లో కాలువ పారేది. యమున ఎగువ నుంచి వచ్చే ఆ కాలువ నీళ్లను ఊళ్లోకి దాటించే కట్టడాన్ని గుట్ట మీది సేన పగలగొట్టింది. ఇక మిగిలినవి బావులు, యమున. పాత ఢిల్లీలో చాలా బావుల నీళ్లు ఉప్పన. తాగే నీళ్లు దూరం నుంచి మోసుకురావాలి. మోసే భిశ్తీల్నేమో మోర్చాలకు పట్టుకుపోతున్నారు. మేక తోలు సంచిలో నీళ్లు నింపుకుని వీపున వేసుకుని ఒంగి నడిచే భిశ్తీలు జామా మసీదు సందుల్లో మొన్నమొన్నటి దాకా కనిపించేవారు. నిండిన సంచి ఎంత బరువో వాళ్ల నడక చూస్తే తెలుస్తుంది. ఆ బరువుతో, గుండ్లు పడుతున్న చోట, కూలి లేకుండా. ఆ భిశ్తీల పేర్లు ఏ స్మారకం మీదా లేవు.

ఇంత యాతనలోనూ ఈ ఊరు చేసిన రెండు పనులకు నేను చేతులెత్తి మొక్కుతాను. ఒకటి ఆగస్టు 1న వచ్చిన బక్రీద్. ఊళ్లో హిందూ సిపాయిలు, ముస్లిం సిపాయిలు కలిసి ఉన్నారు. ఈ పండగ రోజున గొడవ లేస్తుందని, ఊరు దానంతటదే చీలిపోతుందని గుట్ట మీద ఇంగ్లీషువాళ్లు ఆశగా ఎదురుచూశారు. పాదుషా గోవధ నిషేధించాడు. దండోరా వేయించి వదిలేయలేదు. ఎవరింట్లో ఆవులున్నాయో ఠాణాల వారీగా జాబితాలు రాయించారు. ఆవులన్నిటినీ కొత్వాలీకి తోలించాలని ఒక ఆలోచన వస్తే, అన్నిటిని కట్టేసే చోటు లేదని కొత్వాల్ ముబారక్ షా చెప్పాడు. చివరికి ఆవులున్నవాళ్ల దగ్గర పూచీకత్తు రాయించుకున్నారు. పండగ గొడవ లేకుండా గడిచింది. గుట్ట మీద ఆశపడ్డవాళ్లు నిరాశపడ్డారు. ముట్టడిలో ఉన్న పోలీసు కొత్వాలీ ఆవుల పూచీకత్తులు రాసుకుంటూ కూర్చుందంటే చిన్నతనంగా కనబడొచ్చు. నాకది జూన్ 23న, ప్లాసీ యుద్ధానికి నూరేళ్లు నిండిన రోజున గుట్ట మీదికి చేసిన పెద్ద దాడి కంటే తక్కువ పని కాదు.

రెండోది సిపాయిలు తమను తాము పాలించుకోవడానికి పెట్టుకున్న జల్సా అనే సభ. పది మంది సభ్యులు. పదాతి, అశ్విక, ఫిరంగి దళాల నుంచి ఇద్దరేసి చొప్పున ఆరుగురు, పౌరపాలన నుంచి నలుగురు. నిబంధనలు కాగితం మీద పెట్టారు. ఎక్కువ మంది మాటే నెగ్గాలన్నారు. పాదుషా పేరు మీద నడిచే ఊళ్లో, సిపాయి కుర్రవాళ్లు ఓట్లు లెక్కపెట్టుకుని నిర్ణయాలు చేయాలనుకున్నారు. అది సరిగ్గా సాగలేదు. పాదుషా కొడుకు మీర్జా ముఘల్‌కూ బఖ్త్ ఖాన్‌కూ పొసగలేదు, బరేలీ సేనకూ నీమచ్ నుంచి వచ్చిన సేనకూ పొసగలేదు. ఆగస్టు 25న నజఫ్‌గఢ్ దగ్గర ఇంగ్లీషు సేనాని నికల్సన్ నీమచ్ సేనను చిత్తుచేసిన రోజున బఖ్త్ ఖాన్ సేన సాయానికి వెళ్లలేదు.

మౌల్వీ మహమ్మద్ బాఖర్ నడిపిన 'దెహ్లీ ఉర్దూ అఖ్బార్' ఈ రోజులన్నీ అచ్చవుతూనే ఉంది. జులైలో పాదుషా పేరు మీద 'అఖ్బారుజ్ జఫర్' అని పేరు మార్చుకుంది. సిపాయిల పక్షం పత్రికే అయినా వాళ్లను మందలించడం మానలేదు. ఢిల్లీ నీళ్లు తాగి, చాందినీ చౌక్ షికారు చేసి, ఘంటేవాలా దుకాణం మిఠాయిలు తిన్నాక కుర్రాళ్లకు పోరాటం మీద మనసు సడలుతోందని రాసింది. పదో పరకో జీతం కూడా అందని పల్లెటూరి పిల్లలు మొదటిసారి పెద్ద ఊరు చూశారు. నాకు వాళ్ల మీద కోపం రాదు. ఆ పత్రిక నడిపిన మౌల్వీని ఇంగ్లీషువాళ్లు ఊళ్లోకి చొరబడ్డ రెండు రోజులకే, సెప్టెంబర్ 16న, చంపేశారు.

సెప్టెంబర్ 4న ఫిరోజ్‌పూర్ నుంచి ఏనుగులు లాక్కొచ్చిన పెద్ద ఫిరంగులు గుట్ట చేరడంతో కథ ముగింపుకొచ్చింది. రాత్రిళ్లు గోడకు దగ్గరగా వాటికి దిమ్మెలు కట్టారు. సెప్టెంబర్ 14 తెల్లవారాక కాశ్మీరీ దర్వాజా పేల్చి లోపలికి దూరారు. ఆ ఒక్క రోజే వాళ్లలో 1,170 మంది చచ్చారు లేదా గాయపడ్డారు. నికల్సన్ ఆనాటి గాయంతోనే సెప్టెంబర్ 23న పోయాడు. వెనక్కి తగ్గుదామా అని సేనాధిపతి విల్సన్ ఊగిసలాడాడు. గల్లీ గల్లీకీ పోరు సాగి ఊరు పూర్తిగా వాళ్ల చేతికి వచ్చేసరికి సెప్టెంబర్ 20. హుమాయూన్ సమాధి దగ్గర పాదుషా లొంగిపోయాడు. సెప్టెంబర్ 22న ఇంగ్లీషు అధికారి హడ్సన్ ఆయన ఇద్దరు కొడుకుల్నీ మనవణ్ణీ ఖూనీ దర్వాజా దగ్గర కాల్చి చంపాడు.

ఆ తరవాత ఊరికి జరిగింది ముట్టడి కంటే ఘోరం. కూచా చేలాన్ వాడలో మగవాళ్లను యమున ఒడ్డుకు తోలుకెళ్లి కాల్చారు. ఢిల్లీ కాలేజీలో ఫారసీ పాఠాలు చెప్పిన పండితుడు ఇమాం బఖ్ష్ సహబాయీ కొడుకులతో సహా అక్కడే ప్రాణం విడిచాడు. మిగతా జనాన్ని ఊళ్లోంచి తరిమేశారు. వానల్లో, ఆపైన చలిలో కుతుబ్ చుట్టూ, నిజాముద్దీన్ చుట్టూ సమాధుల మధ్య బతికారు. హిందువుల్ని 1858 మొదట్లో తిరిగి రానిచ్చారు, ముసల్మానుల్ని చాలా కాలం రానివ్వలేదు. జామా మసీదును 1862 దాకా జప్తులో ఉంచారు. బల్లీమారాన్‌లో ఉన్న కవి గాలిబ్ పొరుగున పటియాలా రాజావారి మనుషులు కాపలా ఉండబట్టి బతికాడు. గుమ్మం దాటే వీల్లేదు. ఇంట్లో నీళ్లు నిండుకున్నాక వాన పడితే, వాకిట్లో దుప్పటి కట్టి ఆ నీళ్లు పట్టుకున్నారు. అక్టోబర్‌లో ఆయన తమ్ముడు చనిపోతే, కప్పడానికి గుడ్డ కొనే దుకాణం లేక ఇంట్లోని దుప్పట్లే చుట్టి పాతిపెట్టారు.

నేను చదువుకున్నది హైదరాబాద్ కోఠీ ఉమెన్స్ కాలేజీలో. ఆ భవనమే ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. ఢిల్లీ గుట్ట కింద పోరు జరుగుతున్న రోజుల్లోనే, 1857 జులై 17న, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రోహిల్లాల్ని వెంటబెట్టుకుని దాని మీదికి వెళ్లారు. ఢిల్లీ కబుర్లే ఊళ్లో నిప్పు రాజేశాయి. దీవాన్ సాలార్ జంగ్ కంపెనీ పక్షాన నిలిచాడు, దాడి తెల్లారేసరికి చల్లారిపోయింది. తుర్రేబాజ్ ఖాన్‌ను తరవాత తూప్రాన్ దగ్గర కాల్చేశారు, మౌల్వీని అండమాన్‌కు పంపారు. ఢిల్లీ పతనం హైదరాబాద్‌లో ఇంటింటికీ చేరింది ఇంకో రూపంలో. అప్పటిదాకా నిజాం టంకశాలలో కొట్టే రూపాయి మీద ఉన్నది మొఘల్ పాదుషా పేరే. బహదూర్ షాను రంగూన్ పంపిన 1858 నుంచి ఆ పేరు తీసేసి ఆసఫ్ జా పేరు ముద్రించారు. కూరగాయలమ్మే మనిషి కొంగున ముడేసుకున్న రూపాయి కూడా మారిపోయింది.

రిడ్జ్ మీద ఇంగ్లీషువాళ్లు 1863లో కట్టిన ఎర్రరాతి గోపురం ఉంది. చచ్చిన తమవాళ్ల లెక్క పటాలం వారీగా దాని మీద చెక్కించుకున్నారు. 1972లో మన ప్రభుత్వం దానికి అజిత్‌గఢ్ అని పేరు పెట్టి, ఇక్కడ శత్రువులని రాసిన వాళ్లు దేశం కోసం పోరాడినవాళ్లని ఒక పలక తగిలించింది. మంచి పనే. కానీ మంచం ఇచ్చినవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు, కార్ఖానాలో కాలిపోయినవాళ్లు, కొట్టు దోపిడీ అయి అర్జీ పట్టుకుని కొత్వాలీ చుట్టూ కాళ్లరిగేలా తిరిగినవాళ్లు రెండు పలకల మీదా లేరు. వాళ్లున్నది జన్‌పథ్‌లోని ఆ కాగితాల్లోనే.

వాటిలో కొంత ఇంగ్లీషులోకి వచ్చింది. తెలుగులోకి నేరుగా రావాలని నా కోరిక, ఇంగ్లీషు మీదుగా కాదు. ఇది గాలిలో మేడ కట్టడం కాదు. హైదరాబాద్ రాజ్యం దస్తావేజులు చాలావరకు ఫారసీ, ఉర్దూల్లోనే నడిచాయి కనుక, ఆ గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్లు తార్నాక స్టేట్ ఆర్కైవ్స్ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. చాలామంది పెద్దవయసువాళ్లు. వాళ్ల పక్కన ఇద్దరు ముగ్గురు తెలుగు కుర్రాళ్లను కూర్చోబెట్టి, ముందు ఒక్క ఠాణా తాలూకు కట్టతో మొదలుపెట్టమని మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలను అడుగుతున్నాను. చాందినీ చౌక్ కొత్వాలీ కాగితాలైతే ఇంకా మంచిది. వాటిలో బజారు మొత్తం ఉంటుంది.